పదును నిలిపిన గుడ్డపట్టీ

స్థానిక చరిత్ర మీద వ్యాసం రాయమంటే మా తరగతిలో చాలామంది కృష్ణగిరి కోటను ఎంచుకున్నారు. కొందరు హోసూరు చంద్రచూడేశ్వర స్వామి కొండ గురించి, కొందరు 1878లో తొరపల్లిలో పుట్టిన రాజాజీ గురించి రాశారు. నేను ఒక గుడ్డపట్టీ గురించి రాస్తున్నాను. అది మంగలి కత్తికి పదును సవరించే పట్టీ. నాలుగు వేళ్ల వెడల్పు, మూరెడు పైన జానెడు పొడవు ఉంటుంది. మాది క్షౌరవృత్తి కుటుంబం. మా తాత కత్తి పట్టిన కాలంలో ఆ పట్టీ లేనిదే ఒక్క గడ్డం కూడా గీసేది కాదు. ఇప్పుడు మా నాన్న సెలూన్‌లో అది లేదు. మా అన్నకు దాన్ని వాడడం తెలియదు. అంటే మా ఇంట్లోనే మూడు తరాల్లో ఒక పనిముట్టు పుట్టి పెరిగి వెళ్ళిపోయినట్టే. అది ఎందుకు వచ్చింది, ఎందుకు వెళ్ళిపోయింది అని అడిగితే సుశ్రుతుడి దగ్గర్నుంచి మన సేలం ఇనుము దాకా చాలా చరిత్ర బయటికి వచ్చింది.

రాయి చేసే పని, గుడ్డ చేసే పని

కత్తికి పదును పెట్టేది సానరాయి అని అందరికీ తెలుసు. కానీ రాయి మీద నూరిన కత్తిని వెంటనే చెంప మీద పెడితే మంట పుడుతుంది, గీరుకుపోతుంది. ఎందుకంటే రాయి ఇనుమును అరగదీసేటప్పుడు అంచు చివర కంటికి కనిపించని సన్నని పొర మిగిలిపోతుంది. అది ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. కత్తిని బిగువుగా పట్టిన గుడ్డ మీద, తర్వాత తోలు మీద అటూ ఇటూ నడిపితే ఆ పొర రాలిపోతుంది, లేదా నిటారుగా సర్దుకుంటుంది. అంచుకు అంటిన నూరుడు మురికి, నీటి చెమ్మ కూడా గుడ్డ తుడిచేస్తుంది.

మా తాత దీన్ని ఒక్క మాటలో చెప్తాడు. “రాయి పదును పుట్టిస్తాది పాపా, గుడ్డ దాన్ని నిలబెడతాది.” రాయిని నెలకో రెండు నెలలకో ఒకసారి ముడితే చాలునంట. గుడ్డనూ తోలునూ మాత్రం ప్రతి గడ్డానికి ముందూ ముట్టాల్సిందే.

వెంట్రుక అంత మెత్తనిది కదా, దానికి ఉక్కు అంచు ఎందుకు చెడిపోతుంది అని నాకు అనుమానం వచ్చింది. దీని మీద అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రవేత్తలు పరిశోధన చేసి 2020లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. వెంట్రుక ఉక్కుకంటే సుమారు 50 రెట్లు మెత్తన. అయినా వెంట్రుక వంగి, అంచుకు ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కులో బలహీనంగా ఉన్న చోట చిన్న చిన్న పెచ్చులు లేచిపోతాయి. ఆ పెచ్చులు మొదలు కాకుండా అంచును రోజూ నున్నగా, నిటారుగా పెట్టుకోవడమే మా తాత చేసిన పని. ఆయన మైక్రోస్కోపు చూడలేదు, చేతి స్పర్శతోనే ఆ సంగతి తెలుసుకున్నాడు.

సుశ్రుతుడి బూరుగు చెక్క, భిక్షువుల ఉన్ని గుడ్డ

ఈ పద్ధతి ఇంగ్లీషువాళ్ళతో వచ్చిందని కొంతమంది అనుకుంటారు. తోలుపట్టా ఆకారం అట్ల వచ్చి ఉండొచ్చు కానీ, నూరడం వేరు, అంచును నిలపడం వేరు అన్న జ్ఞానం మన దేశంలో చాలా పాతది. సుశ్రుత సంహిత సూత్రస్థానం 8వ అధ్యాయంలో శస్త్రచికిత్స పరికరాల గురించి ఉంది. వాటిని నూరడానికి మినుముల రంగులో ఉండే నున్నని రాయి కావాలని, అంచు నిలపడానికి శాల్మలీ ఫలకం కావాలని సుశ్రుతుడు రెండు వేర్వేరు వస్తువులు చెప్పాడు. శాల్మలి అంటే బూరుగు చెట్టు. దాని చెక్క మెత్తన. కోసే పరికరానికి అంచు సగం వెంట్రుక మందమే ఉండాలన్నాడు. వెంట్రుకను తెంచేంత పదును ఉంటేనే దాన్ని రోగి మీద వాడాలన్నాడు. మా తాత కూడా మోచేతి మీది వెంట్రుకతోనే పరీక్ష చేసేవాడు.

బౌద్ధుల వినయపిటకంలో గుడ్డ కూడా కనిపిస్తుంది. భిక్షువులు తల గొరిగించుకోవాలి కాబట్టి వాళ్ళు ఏ సామాను పెట్టుకోవచ్చో చుల్లవగ్గలో ఒక జాబితా ఉంది. కత్తి, కత్తిని నూరే రాయి, కత్తి ఒర, నమతకం అనే ఉన్ని ముక్క, మిగతా క్షౌర సామాను. నమతకం అంటే నేసినది కాదు, ఉన్నిని తడిపి తొక్కి ఒత్తిన మందపాటి గుడ్డ. ఆ వినయ నియమాలన్నీ కంఠస్థం చేసి మొదటి సంగీతిలో చెప్పిన ఉపాలి ఎవరో తెలుసా? కపిలవస్తులో శాక్యుల క్షురకుడు. బుద్ధుడి ముఖ్య శిష్యుల్లో ఆయన ఒకడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

సేలం ఇనుము, షెఫీల్డ్ కత్తి

ఇప్పుడు మన ఊరి దగ్గరికి వస్తాను. కృష్ణగిరి జిల్లా 2004లో ఏర్పడింది. అంతకుముందు 1965 నుంచి మనం ధర్మపురి జిల్లాలో, దానికి ముందు సేలం జిల్లాలో ఉన్నాం. కృష్ణగిరి ప్రాంతాన్ని బారామహల్ అనేవారు. 1792 శ్రీరంగపట్టణం సంధితో బారామహల్ టిప్పు సుల్తాన్ చేతిలోంచి ఇంగ్లీషు కంపెనీకి పోయింది.

సేలం కొండల ఇనుప రాయి పేరు ఇంగ్లండుదాకా పాకింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన జోసయా మార్షల్ హీత్ అనే అధికారి ఆ రాయిని నమ్ముకుని 1830ల్లో పరంగిపేటలో ఇనుప కర్మాగారం నడిపాడు. తర్వాత ఇంగ్లండు వెళ్ళి, కరిగించిన ఉక్కులో మాంగనీసు కలిపితే గుణం మెరుగవుతుందని 1839లో పేటెంటు తీసుకున్నాడు. షెఫీల్డ్ నగరంలో కత్తులు చేసేవాళ్ళకు అది బాగా కలిసి వచ్చింది. హీత్‌కు మాత్రం కోర్టుల చుట్టూ తిరగడమే మిగిలింది.

అంతకుముందే లండన్‌లో శస్త్రచికిత్స పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్, దక్షిణ భారతదేశపు ‘వుట్జ్’ ఉక్కును మెచ్చుకున్నాడు. మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేసి 1820లో ఫలితాలు ప్రకటించాడు. మనం సైన్సు పాఠంలో చదివే ఫారడేనే! ఆ ప్రయోగపు ఉక్కుతో చేసిన గడ్డం కత్తులను ఫారడే స్నేహితులకు బహుమతిగా ఇచ్చాడు. వుట్జ్ అనే మాట మన ‘ఉక్కు’ నుంచే వచ్చిందని చాలామంది పండితులు చెప్తారు.

ఇట్ల మన దేశపు ఉక్కు కీర్తి అక్కడికి పోయింది, అక్కడి షెఫీల్డ్ కత్తి, జర్మనీ సోలింగెన్ కత్తి ఇక్కడికి వచ్చాయి. హోసూరుకు 40 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు కంటోన్మెంట్ 1809లో ఏర్పడింది. సిపాయిలకు రోజూ నున్నని గడ్డం ఉండాలి. దానికి కత్తితో బాటు పట్టా కూడా కావాలి. లండన్‌లో జార్జ్ ప్యాక్‌వుడ్ అనే వ్యాపారి 1790ల్లోనే కత్తి పట్టాల గురించి పత్రికల్లో పాటలు, పొడుపుకథలు ప్రకటనలుగా వేయించి పేరు తెచ్చుకున్నాడు. 1796లో ఆ ప్రకటనలను పుస్తకంగా కూడా అచ్చు వేశాడు.

చూడండి. ఉక్కు కనిపెట్టినవాళ్ళ పేర్లున్నాయి, పట్టా అమ్మినవాడి పేరుంది. పట్టాను రోజూ వాడి లక్షల గడ్డాలు గీసినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. అందుకే మా తాత పద్ధతిని నేను వివరంగా రాసిపెడుతున్నాను.

మంచి గుడ్డను ఎంచుకోవడం

పట్టీ రెండు పొరలు ఉండేది. వెనక గుడ్డ, ముందు తోలు. రెండూ పైన ఒకే కొక్కేనికి తగిలించి ఉండేవి. తోలుకు మన ప్రాంతంలో కరువు లేదు. పక్కనే వాణియంబాడి, ఆంబూరు తోళ్ళ పరిశ్రమకు పేరుమోసిన ఊర్లు. గుడ్డను ఎంచుకోవడమే కష్టం.

యూరపులో అవిసె నారతో నేసిన లినెన్ గుడ్డను శ్రేష్ఠం అనేవారు. ఆ నార గట్టిది, కొంచెం గరుకు, కాబట్టి అంచును బాగా శుభ్రం చేస్తుంది. నిప్పార్పే వాళ్ళు వాడే లినెన్ గొట్టాన్ని కోసి పట్టీలు చేసుకునేవాళ్ళు కూడా ఉండేవారు. మన దగ్గర దొరికేది నూలు కాన్వాసు. అది లినెన్ కంటే మెత్తన. మా తాత సైనికుల పాత నడుము పట్టీల నేత గుడ్డను సంతలో ఏరి తెచ్చుకునేవాడు. గుడ్డలో ఆయన చూసే గుణాలు ఇవి.

నేత దగ్గరగా, సమంగా ఉండాలి. పోగులో ముడులుంటే ప్రతి ముడీ అంచుకు దెబ్బే. అందుకే చేతితో వడికిన లావు నూలు గుడ్డ పనికిరాదు. గుడ్డ మీద గోరు వెనక వైపు నడిపితే ఎక్కడా తట్టకూడదు.

లాగితే సాగకూడదు. సాగే గుడ్డ మధ్యలో కుంగిపోతుంది. కుంగిన గుడ్డ అంచును చుట్టుకుని గుండ్రం చేస్తుంది. గుండ్రమైన అంచు తెగదు. కురుబలు నేసే గొంగళి ముక్క గానీ ఒత్తిన ఉన్ని గానీ వాడితే, అవి మెత్తన కాబట్టి చెయ్యి చాలా తేలికగా ఉండాలి.

కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. దాన్ని వేడినీళ్ళలో రెండు మూడుసార్లు ఉతికి, నీడలో ఆరబెట్టి, బల్ల మీద పరిచి గాజు సీసాతో ఒత్తి ఒత్తి నున్నగా చెయ్యాలి. “తార్పాలిన్ గుడ్డ ముట్టొద్దు, దానికి మైనం ఉంటాది” అంటాడు మా తాత. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, పాత జీన్సు ప్యాంటు గుడ్డ కూడా దీనికి బాగా పనికొస్తుంది. దాని నేత దగ్గరగా ఉంటుంది కదా.

పట్టీని వాడే విధం

పట్టీ పై కొసను గోడ మేకుకు తగిలించి, కింది కొసను ఎడమ చేత్తో బిగువుగా పట్టుకోవాలి. కత్తిని పట్టీ మీద పూర్తిగా పడుకోబెట్టాలి. వెన్ను, అంచు రెండూ గుడ్డను తాకాలి. ఎప్పుడూ వెన్ను ముందు నడవాలి, పదును వెనక రావాలి. ఇదే మొదటి సూత్రం. పదును ముందు నడిస్తే పట్టీ కోసుకుపోతుంది, అంచూ పోతుంది. కొసకు చేరాక కత్తిని పైకి ఎత్తకుండా వెన్ను మీదనే దొర్లించి వెనక్కి నడపాలి. అంచు మీద దొర్లిస్తే అప్పటిదాకా చేసిన పనంతా వృథా.

ముందు గుడ్డ మీద 20 సార్లు, తర్వాత తోలు మీద 40 సార్లు. ఇది మా తాత లెక్క. కత్తి బరువు తప్ప చేతి బరువు పడకూడదు. వేగం దానంతటదే వస్తుంది, వేగం కోసం తొందరపడితే అంచు తిరగబడుతుంది.

అంచు కొంచెం మొద్దుబారితే రాయి దాకా పోకుండా, గుడ్డకు మెరుగు ముద్ద పూసి నడపవచ్చు. క్రోమియం ఆక్సైడ్ ఉండే పచ్చ ముద్ద గానీ, బంగారు పనివాళ్ళు మెరుగు పెట్టడానికి వాడే ఇనుప ఆక్సైడ్ ఎర్రపొడి గానీ సరిపోతుంది. కానీ ముద్ద పూసిన గుడ్డ వేరే, రోజూ వాడే గుడ్డ వేరే ఉండాలి. రోజూ ముద్ద మీద నడిపితే అంచు తొందరగా అరిగిపోతుంది. పని అయినాక పట్టీని దుమ్ము పడని చోట వేలాడదీయాలి, మడవకూడదు. ఒక్క ఇసుక రేణువు చాలు అంచులో గాటు పడడానికి.

పొది వెళ్ళని వీధులు

ఇక్కడ కష్టమైన ఒక విషయం రాయాలి. మా ముత్తాత కాలంలో అంగడి లేదు. కత్తి, రాయి, పట్టీ, గిన్నె అన్నీ పొదిలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళు. కూలి డబ్బు కాదు, ఏడాదికొకసారి కళ్ళంలో ఇచ్చే మేర గింజలు. మా వాళ్ళే పెళ్ళిళ్ళలో మేళం వాయించేవాళ్ళు, మా ఆడవాళ్ళు కాన్పులు చేసేవాళ్ళు. తమిళంలో మా వృత్తివాళ్ళను ‘మరుత్తువర్’ అంటారు, అంటే వైద్యుడు. ఇంత అవసరమైనవాళ్ళను ఊరు మాత్రం అరుగు కిందే నిలబెట్టింది. మరి అదే ఊరి మాట విని మా పొది కూడా దళితుల వీధిలోకి వెళ్ళలేదు. పైవాళ్ళు మమ్మల్ని తక్కువగా చూశారు, మేము ఇంకొకళ్ళ గడ్డం గియ్యమన్నాం. మా తాత ఈ సంగతి దాచకుండా చెప్తాడు, అందుకే నేనూ దాచకుండా రాస్తున్నాను.

1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. అందులో ‘దుకాణం’ అనే మాటకు అర్థం చెప్పేటప్పుడు బట్టలుతికే చోటును, జుట్టు కత్తిరించే సెలూన్‌ను పేరు పెట్టి చేర్చారు. అంటే సెలూన్ తలుపు ఎవరికీ మూయడానికి వీలు లేదు. ఇంత చిన్న అంగడిని చట్టంలో ఎందుకు రాశారా అని మొదట ఆశ్చర్యం వేసింది. ఊర్లో మనిషికి మనిషి మర్యాద ఇచ్చేదీ తీసేదీ ఇట్లాంటి చోట్లనే కాబట్టి రాశారు. చట్టం రాగానే అన్ని ఊర్లూ మారిపోలేదు. కానీ మా తాత రోడ్డు పక్కన అంగడి పెట్టుకున్నప్పుడు, ఒకే కుర్చీలో అందరూ కూర్చున్నారు. అందరి కోసం కత్తి ఒకే పట్టీ మీద నడిచింది.

పట్టీ ఎందుకు వెళ్ళిపోయింది

అమెరికాలో కింగ్ జిల్లెట్ 1904లో మార్చుకునే బ్లేడుకు పేటెంటు పొందాడు. మొద్దుబారితే నూరక్కర్లేదు, పారేయడమే. ఇండ్లలోకి ఆ బ్లేడు వచ్చినా మన సెలూన్లలో మంగలి కత్తి చాలా కాలం నిలిచింది. దాన్ని దించింది రోగభయం. 1986లో మన చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల సేకరించిన రక్త నమూనాలను వేలూరు సి.ఎం.సి.లో పరీక్షించినప్పుడు, దేశంలో మొదటిసారి హెచ్.ఐ.వి. బయటపడింది. రక్తంతో అంటే హెపటైటిస్-బి భయం కూడా తోడైంది. ‘నాకు కొత్త బ్లేడు వెయ్యి’ అని గిరాకీలే అడగడం మొదలుపెట్టారు. సగం బ్లేడు దూర్చుకునే కత్తి వచ్చింది. ఇప్పుడు మనవాళ్ళు మొక్కు తీర్చుకునే తిరుమల కల్యాణకట్టలో కూడా ఆ బ్లేడే.

నేను ఆలోచించి చూస్తే ఒక విషయం అర్థమైంది. కత్తిని మందునీళ్ళలో ముంచి శుభ్రం చెయ్యొచ్చు. గుడ్డను, తోలును ప్రతి మనిషికీ అట్ల ముంచలేం. తుడిచి శుభ్రం చెయ్యడమే గుడ్డ పని. తుడిచినదాన్ని తనలోనే ఉంచుకుంటుంది. ఏ గుణం కోసం వేల ఏండ్లు దాన్ని వాడారో ఆ గుణమే దానికి చివరికి అడ్డు వచ్చింది. కాబట్టి సెలూన్ లోంచి పట్టీ పోవడం మంచిదే. మా నాన్న ప్రతి ఒక్కరి ముందే కొత్త బ్లేడు విప్పి వేస్తాడు. అది సరైన పని. సొంత కత్తితో ఇంట్లో తన గడ్డం తానే గీసుకునేవాళ్ళకు మాత్రం పట్టీ ఇప్పటికీ ఉపయోగమే.

అయితే పట్టీ పోవడం వేరు, దాని గురించిన తెలివి పోవడం వేరు. మన మొరసునాటి అంగళ్ళలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. పొది, సాన, వెన్ను, మేర, కళ్ళం లాంటి మాటలు ఆ పనులతోనే బతికాయి. పని ఆగితే మాట మూగబోతుంది. ఇంకొకటి కూడా ఉంది. మా కులం పేరును బడిలో, వీధిలో తిట్టుగా వాడేవాళ్ళను నేను విన్నాను. వాళ్ళకు కోపంతో జవాబు చెప్పడం కంటే ఈ వ్యాసం చూపించడం మేలనిపించింది. సగం వెంట్రుక మందం అంచును కంటితో చూడకుండా చేతితో నిలబెట్టిన పని తిట్టు ఎట్లా అవుతుంది?

మనలో కుమ్మరి, కమ్మరి, సాలె, కురుబ, చాకలి, రైతు ఇండ్లనుంచి వచ్చే పిల్లలున్నారు. ఒక్కొక్కరూ ఇంట్లోని పెద్దవాళ్ళను అడిగి, మూలన పడిన ఒక్క పనిముట్టు పేరు, దాన్ని వాడే పద్ధతి తెలుగులో రాసిపెడితే, వచ్చే సంవత్సరం ఈ పత్రికే మన ఊర్ల చరిత్ర పుస్తకం అవుతుంది. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.